అయ్యాక చేరొచ్చులెండి

కాగితం మిల్లు మూతపడిన ఏడేళ్లకు వెర్నా హాస్కెల్‌కు అరవై అయిదు నిండవచ్చాయి. ఆ వయసు దాటినవాళ్ళకు అమెరికా ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్‌లో ఎలా చేరాలో ఊరి లైబ్రరీలో ఒకావిడ చెబుతోందంటే వినడానికి వెళ్ళింది.

"ఉద్యోగం పోయాక కంపెనీ ఇన్సూరెన్సును మీ డబ్బుతో పొడిగించుకున్నారనుకోండి, అది ఉంది కదా అని ఆగకండి," అందావిడ. "అరవై అయిదు దాటినవాళ్ళు పని మానేసిన ఎనిమిది నెలల్లో చేరిపోవాలి. లేదంటే ఆలస్యమైన ప్రతి నిండు ఏడాదికీ నెలనెలా కట్టేదానికి పదోవంతు ఎక్కువ కట్టాలి. బతికున్నంతకాలం."

మిల్లు సిబ్బంది ఆఫీసులో ఇరవై రెండేళ్లు చేసిన మనిషి వెర్నా. మూసేసిన వారం, బల్ల ముందు వరుస కట్టినవాళ్ళకు పొడిగింపు కాగితాలిచ్చింది ఆమే. అప్పటికే అరవై ఆరేళ్లున్న ఎమిల్ సీర్ టోపీ తీసి అడిగాడు: "మెడికేర్‌లో ఇప్పుడే చేరిపొమ్మంటావా, ఆఫీసమ్మా?"

"పద్దెనిమిది నెలలు ఇదుందిగా! రెండింటికీ ఎందుకు కట్టడం? అయ్యాక చేరొచ్చులెండి," అంది వెర్నా. ఎవరినీ అడగలేదు. అలాగే ఉంటుందనుకుంది.

ఆ తర్వాత ఎమిల్‌ను దుకాణంలో చాలాసార్లు చూసింది. ఎడమపక్క నుంచి ఎవరొచ్చినా ఉలిక్కిపడేవాడు. వయసు మీదపడిందనుకుంది. ఇప్పుడు వాకబు చేస్తే అసలు సంగతి తెలిసింది. సెప్టెంబరు చివర్లో పొడిగింపు అయిపోయి చేరబోతే గడువు దాటిందని, ఇక జనవరిలోనే తీసుకుంటామని అన్నారట. జనవరిలో దరఖాస్తు పెడితే జూలై దాకా అమల్లోకి రాలేదు. ఏ బీమా లేని ఆ తొమ్మిది నెలలూ నీటికాసులున్న ఎడమ కంటిని డాక్టరుకు చూపించుకోలేదు. ఆ కన్ను పోయింది. రెండేళ్ల ఆలస్యానికి అయిదోవంతు అదనంగా ఇంకా కడుతూనే ఉన్నాడు.

అప్పటినుంచి ఆ మాట ఆమెను వదల్లేదు. పళ్ళు తోముకుంటున్నా, మంచు ఎత్తిపోస్తున్నా, తన గొంతే హుషారుగా వినపడేది: అయ్యాక చేరొచ్చులెండి.

తప్పంతా తనదేనని ప్రభుత్వ ఆఫీసుకు ఉత్తరం రాసింది. ఓ గుమాస్తా ఫోన్ చేశాడు. "మా వాళ్ళు తప్పు చెప్పుంటే ఏదో దారి ఉండేది మేడమ్. కంపెనీ వాళ్ళు చెప్పిందానికి మేమేం చెయ్యలేం."

ఇక మిగిలింది ఎమిల్ గుమ్మమే. వెళ్ళేసరికి అతను అట్లు పోస్తున్నాడు. తలంతా తిప్పి ఆమెను చూశాడు. వెర్నా నిలబడే అంతా చెప్పింది.

"నువ్వా ఆ మాట అన్నది?" అన్నాడు ఎమిల్. "మేనేజరు అన్నాడనుకున్నానే! ఇన్నేళ్లూ ఆ మీసాలోణ్ణి తిట్టిపోస్తున్నా."

"నేనే. తెలుసుకోకుండా చెప్పాను."

అతను పొయ్యి ఆపాడు. ఫర్వాలేదంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. అనలేదు.

"ఆ రోజు నా వెనకాల ఆర్మండ్ నిలబడ్డాడు," అన్నాడు చివరికి. "వాడూ అదే అడిగాడు. వాడికీ అదే జవాబొచ్చింది. వాడి వెనక ఇంకా బోలెడుమంది."

వెర్నాకు ఆర్మండ్ ముఖం ఎంతకీ గుర్తురాలేదు. "ఎక్కడుంటాడు?"

"వంతెన దాటాక పచ్చ ఇల్లు. ఉన్నాడో లేడో నాకైతే తెలీదు. వెళ్ళి చూసుకో."

ఆమె కారెక్కి వంతెన వైపు తిప్పింది. పచ్చ ఇంటి ముందు మంచు ఎవరూ తీసినట్టు లేదు. గుమ్మం దాకా ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. మోకాళ్ళ దాకా దిగబడుతూ వెళ్ళి తలుపు తట్టింది. ఇంకోసారి తట్టింది.