బావకు చెప్పిన నఫా

ముప్పై ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను అని రాశాను. కొట్టేశాను. ఇరవై ఏళ్లే. చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చున్నా చెయ్యి తన అలవాటు మానలేదు. ఉన్నదాన్ని పెంచి చెప్పడం నాకు తుమ్మినంత సులువు. అందుకే నెమ్మదిగా రాస్తాను. మీరు నన్ను ఎరగరు. నేను పేరు రాయను. ఆ ధైర్యంతోనే మీకు చెబుతున్నాను.

మాది రాయచూరు దగ్గర గిల్లేసూగూరు. వయసులో ఉండగా పుణె వైపు ఒక కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాను. జనం మామూలుగా కొనుక్కునే చిన్న కార్లు అక్కడ లెక్కలేనన్ని తయారయ్యేవి. వాటితో పాటు ఏడాదికి నాలుగో ఐదో పందెపు కార్లు కూడా చేసేవారు. నేలకు ఆనినట్టుండే, ఇద్దరే పట్టే ఎర్ర కార్లు. సెలవుకు ఊరొచ్చినప్పుడు హోటల్ దగ్గర ఎవరో అడిగారు, అక్కడ నీ పనేమిటని. ఎర్ర కారు నడుపుతానన్నాను. అంతే, డ్రైవర్నైపోయాను. ఏటేటా ఆ కారు వేగం పెరిగింది. చివరికి అది ఇక్కడ పోసిన చాయ్ చల్లారేలోపు హైదరాబాదు చేరేది.

నిజానికి నేను ఆ కారును తోసేవాణ్ణి. వచ్చినవాళ్లకు కార్లు చూపించే హాలు ఒకటుండేది. అందులో ఇంజన్ స్టార్ట్ చేయకూడదు, పొగకు గోడలు నల్లబడతాయని. నలుగురం చేతులకు మెత్తటి గుడ్డలు చుట్టుకుని, వెనక నుంచి తోసి, దీపాల కిందికి చేర్చేవాళ్లం. మమ్మల్ని ధక్కావాలాలు అనేవారు. నా చెయ్యి ఏనాడూ స్టీరింగును తాకలేదు. నేను తోస్తేనే కదా అది నడిచింది, మరి నడిపానంటే అబద్ధమెలా అవుతుంది, అని నన్ను నేను ఎన్నిసార్లు సముదాయించుకున్నానో.

ఇంతవరకే అయితే ముసలివాడి కోతలు. మీకు రాసేంత పాపమేమీ కాదు.

మా అక్క మొగుడు ఈరన్నది యాపలదిన్ని. ట్రాక్టరు ట్రాలీలు చేసే షెడ్డు ఉండేది ఆయనకు. మంచి పనివాడు. ఏరువాక పున్నమికి, మేం కారుణ్ణిమ అంటాం, మా వైపు ఎద్దుల బండ్ల పందేలు పెడతారు. ఒక ఏడాది మస్కి వైపు రైతు ఒకాయన అడిగితే బావ తేలికపాటి పందెపు బండి చేసి ఇచ్చాడు. ఒక్కడే ఎత్తగలిగేంత తేలిక. పెంచి రాయడం లేదు, నేనే ఎత్తి చూశాను. ఆ బండి గెలిచింది. అలాంటిదే కావాలని మరో ఇద్దరు వచ్చారు. అప్పటికి నేను ఫ్యాక్టరీ మానేసి ఊరు చేరాను. ఒక మధ్యాహ్నం బావ నన్ను షెడ్డుకు పిలిపించి, సగం చెక్కిన బండి నొగ మీద కూర్చోబెట్టాడు.

"బామ్మర్దీ, ఒక్క మాట అడుగుత. గా ఎర్ర కార్లు నాలుగంటే నాలుగే చేస్తరంటివి గదా. కంపెనీకి నఫానా, లుక్సానా?"

"గదేం సవాలు బావా?"

"ట్రాలీలు బంద్ చేసి, పందెం బండ్లే చేద్దామని ఉన్నది. నువ్వు నడిపినోనివి, నీకు ఎరుకుంటది."

"నఫా లేకుంటె చేస్తరా? గసుంటిదొక్కటి అమ్మితే నూరు కార్ల నఫా."

"నూరా!"

"నూటిరవై అనుకో."

చాయ్ తెచ్చిన మా అక్క అక్కడే ఆగింది. "వాని మాట పట్టుకోకు. చిన్నప్పుడు బల్లిని చూసి మొసలి అన్నోడు."

"ఊకోయే. కార్లు నడిపినోనికి ఎరుక లేదా?" అన్నాడు బావ.

నాకు ఎరుకే. అదే నా తప్పు. ఒకరోజు కారు తోస్తుంటే పక్కనే ఒక ఇంజనీరు, చూడవచ్చిన పెద్దమనిషీ నడుస్తున్నారు. ఆ పెద్దమనిషి సరిగ్గా ఇదే అడిగాడు, లాభమా నష్టమా అని. ఇంజనీరు నవ్వాడు. "దీని మీద మాకు మిగిలేదేమీ లేదు సార్. ఇది పేరు కోసం. దీన్ని చూడ్డానికి వచ్చినవాళ్లు చిన్న కారు కొనుక్కుని పోతారు. మాకు అన్నం పెట్టేది అదే." వేరే కంపెనీల సంగతి నాకు తెలియదు. కొనేవాళ్లను వరసలో నిలబెట్టి, అడిగినంత ధర రాబట్టగలిగితే మిగులుతుందేమో. మా కంపెనీకి మాత్రం మిగల్లేదు. నా చెవులతో విన్నాను.

పేరుకు పందెపు బండి చేసుకో బావా, అన్నానికి ట్రాలీలు ఉంచుకో. ఈ ఒక్క మాట చాలు. ఎందుకు అనలేకపోయాను? ఎట్ల ఇన్నవని అడిగితే? అద్దాలు ఎక్కించుకుని లోపల కూర్చున్న డ్రైవరుకు ఆ మాటలు వినబడవు. వెనక వంగి తోసేవాడికే వినబడతాయి. ఇన్నేళ్లూ ఈ సాకుతోనే సరిపెట్టుకున్నాను. కానీ అన్ని అబద్ధాలు అల్లినవాణ్ణి, ఒక్క నిజం చెప్పడానికి ఇంకో చిన్న అబద్ధం అల్లలేకపోయానా? క్యాంటీన్లో విన్నానంటే సరిపోయేది కదా? తోచక కాదు. నన్ను అడగడానికి ఆయన పని ఆపి, చేతులు తుడుచుకుని వచ్చాడు. ఆ చూపు నుంచి కిందికి దిగడం నాకు ఇష్టం లేకపోయింది.

ట్రాలీ కావాలని వచ్చినవాళ్లను బావ తిప్పి పంపాడు. వాళ్లు రాయచూరు వెళ్లారు, మళ్లీ రాలేదు. పందెపు బండి ఒక్కొక్కటి నెలల పని. కొనేవాళ్లా, చుట్టుపక్కల అంతా కలిపి ఐదారుగురు. కొన్నవాడు మళ్లీ రాడు, బావ చేసిన బండి విరగదు. మూడో కారుణ్ణిమకు షెడ్డు మూతపడింది. బావ రాయచూరులో ఎవరి షెడ్డులోనో వెల్డింగు కూలికి కుదిరాడు. అక్క పత్తి ఏరడానికి వెళ్లింది.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "కంపెనోళ్లు నఫా తీస్తుండ్రు గదా. నా చేతులల్లనే ఏందో కమీ ఉన్నది బామ్మర్దీ" అన్నాడు. అంత మంచి చేతులను ఆయనే అనుమానించుకునేలా చేసింది నా నూటిరవై. ఇప్పుడు నిజం చెబితే ఆ చేతులు ఆయనకు తిరిగి దక్కుతాయి. కానీ ఇరవై ఏళ్లు ఎందుకు పోయాయో కూడా తెలుస్తుంది. చెప్పలేను, చెప్పకుండా ఉండలేను. పండక్కి వెళ్లినప్పుడల్లా ఎర్ర కారు ముచ్చట చెప్పమని ఆయనే అడుగుతాడు. నేను చెబుతాను.

అమ్ముడుపోని చివరి బండి వాళ్ల వాకిట్లోనే ఉంది. మొన్న వెళ్తే, చెదలు పట్టకుండా ఎండకు పెడదాం, ఒక చెయ్యి వెయ్యమన్నాడు. ఆయనకిప్పుడు చూపు సరిగా ఆనదు. వెనక్కి వెళ్లి వంగాను. భుజం మీది తువ్వాలు చేతులకు ఎప్పుడు చుట్టుకున్నానో నాకే తెలియదు. బండి చప్పుడు లేకుండా ఎండలోకి జారింది.

"అరే, తోసుడు భలే వచ్చురో నీకు."

"గదొక్కటే వచ్చు బావా. గా ఎర్ర కారును నేను నడపలె. తోసిన. కంపెనీకి నఫా సుత లేకుండె."

బావ పగలబడి నవ్వాడు. "ఇన్నవానే? కార్లు తోసిండంట!" అని అక్కను కేకేశాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. గడప మీద కూర్చున్న అక్క నవ్వలేదు. నా చేతులకున్న తువ్వాలు చూసి లోపలికి వెళ్లింది.

పెంచిన మాటలన్నీ నమ్మిన మనిషి ఉన్న మాటను నమ్మలేదు. మళ్లీ చెప్పాలి. ఆయన నవ్వడం ఆపేదాకా చెప్పాలి. ఆ ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఈలోగా, నవ్వకుండా వింటారని మీకు రాస్తున్నాను. నేను కారు నడపలేదు. తోశాను. ఆ కార్ల మీద మా కంపెనీకి నఫా లేదని నాకు తెలుసు. తెలిసే, ఉందని చెప్పాను. ఈ నాలుగు మాటల్లో దేన్నీ పెంచలేదు. ఊపిరి కొంచెం ఆడుతోంది.