అమ్మ పిలిచిన పేరు

ఏలూరు కాలేజీలో ఇంగ్లీషు మేష్టారు ‘ఆబ్‌స్క్యూరిటీ’ అంటే ఏమిటని అడిగితే, వెనక బెంచీలోంచి ఎవరో "చీకటండీ" అన్నారు. "ఎవరికీ తెలియకుండా ఉండిపోవడం కూడా" అన్నారాయన. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

మాది కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. నాన్న చేపలు పట్టేవాడు. నా చిన్నప్పుడు ఒక చలికాలం, జ్వరం తగ్గకుండానే, అమ్మ వద్దంటున్నా వినకుండా తెల్లారేసరికి దోనె వేసుకుని వెళ్ళాడు. ఊళ్ళో మగవాళ్ళంతా అప్పటికే నీళ్ళ మీద ఉన్నారు. పొద్దెక్కినా మంచు విడలేదు. దారి తప్పి కిక్కిస గడ్డిలో ఇరుక్కుంటే, ఆ చలికి జ్వరం మనిషి బతకడం కష్టం.

అలాంటప్పుడు ఆడవాళ్ళు ఎవరి రేవులో వాళ్ళు నిలబడి కేకలు వేస్తారు. ఆ కేక పట్టుకుని దోనెలు ఒడ్డు చేరాలి. కానీ భార్య నోటి వెంట పేరొస్తే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని మావాళ్ళ నమ్మకం. అందుకని అందరిదీ "ఏవండీ" అనే పిలుపే. పిల్లలందరం "నాన్నా" అనే. ఇక నాన్న ఏ కేకకని తిరుగుతాడు? ఆయన దగ్గు మాకు వినబడుతూనే ఉంది, కానీ అంతకంతకూ కిక్కిస వైపు పోతోంది.

అమ్మ నా చెయ్యి వదిలేసింది. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, నాన్నని పేరు పెట్టి పిలిచింది. ఒడ్డు పొడుగునా కేకలు ఆగిపోయాయి. అమ్మ మళ్ళీ పిలిచింది. దగ్గు మా వైపు తిరిగింది.

అమ్మ అంత గట్టిగా అరవడం నాన్న ఎన్నడూ వినలేదు, గొంతు పోల్చుకోలేకపోయాడు. దోనె దిగుతూనే, "నన్ను పేరెట్టి పిలిచిందెవరే?" అని అడిగాడు.

"ఎవరోనండీ. మంచులో తెలీలేదు" అంది అమ్మ. పక్క రేవుల ఆడవాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు.

అది మొదలు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నాన్న ఒకటే చెప్పేవాడు. "ఎవరో పెద్దావిడ పిలవబట్టి బతికానండీ. ఎవరో తెలిస్తే కాళ్ళకి దణ్ణం పెట్టుకుందును." అమ్మ పక్కనే అన్నం వడ్డిస్తూ వినేది.

కొన్నేళ్ళకి మళ్ళీ జ్వరమొచ్చి నాన్న పోయాడు. అమ్మ అన్నం ముట్టడం మానేసింది. నేను బతిమాలగా బతిమాలగా చెప్పింది. "పేరెట్టి పిలిచాను గదే. ఆయుష్షు నేనే తగ్గించేశాను."

నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. "నువ్వు పిలవబట్టే ఆ రోజు ఇంటికొచ్చాడు కదమ్మా" అని అరిచాను.

అమ్మ గబుక్కున నా నోరు మూసింది.

"మెల్లిగా అనవే. ఎవరన్నా వింటారు."