బీడీల చాట ముందు పీడనం లెక్కలు

మా చిన్నప్పుడు కోరుట్లలో మా ఇంట్లో ఫ్యాన్ ఉండేది... కానీ నడి ఎండాకాలంలో కూడా పగటిపూట వేసేవాళ్లం కాదు. గాలి తగిలితే చాటలోని తంబాకు ఎగిరిపోతుందని అమ్మ భయం. రేకుల కింద చెమటలు కారుతూనే అమ్మా, సరితక్కా ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్లు.

నా పని వేరు. చదివి వినిపించడం.

అక్క అప్పుడే పదో తరగతి పాసైంది. జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు ఆ ఎండాకాలం నెల రోజులు ఊరికే పాఠాలు చెప్పి, చివర్లో పరీక్ష పెడతామన్నారు. ఫస్ట్ వచ్చిన వాళ్లకు ఇంటర్ రెండేళ్లూ ఫ్రీ. "సీటు అస్తే పో బిడ్డా... రాకుంటే ఇగ బీడీలే" అంది అమ్మ. బాపు సిరిసిల్లలో మగ్గాల మీద పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఆయనదీ అదే మాట.

అక్క పొద్దున బస్సెక్కి పోయేది, మధ్యాహ్నం వచ్చి చాట ముందు కూర్చునేది. ఒక చేతిలో ఆకు, ఒక చేతిలో దారం... ఇంక పెన్ను దేనితో పట్టుకుంటుంది? అందుకని కాలేజీ వాళ్లిచ్చిన నోట్సు నేను పట్టుకొని ఒక్కో లెక్కా చదివేదాన్ని.

ఆ నెలంతా వాయువుల పాఠమే. "స్థిర ఉష్ణోగ్రత వద్ద ఒక వాయువు పీడనం రెండు అట్మాస్ఫియర్లు, ఘనపరిమాణం ఆరు లీటర్లు. పీడనం మూడు అయితే ఘనపరిమాణం ఎంత?"

"ఆరు రెండ్లు పన్నెండు... మూడిట్ల పంచితే నాలుగు. నాలుగు లీటర్లు. రైటేనా సుజీ?"

నేను చివరి పేజీ తిప్పి, జవాబు చూసి "రైటే" అనేదాన్ని. ఏడో తరగతి దాన్ని... నాకు తెలిసిన విద్య అంతే.

పెద్ద పెద్ద అంకెలున్నా ఆమె చేతులు ఆగేవి కావు. ఏడు వందల యాభై ఉన్న పీడనం ఐదు వందలకు దిగింది, నాలుగు వందల మిల్లీలీటర్ల వాయువు ఎంతవుతుంది అని చదివాననుకోండి... "మూడు పాళ్లల్ల రెండు పాళ్లే మిగిలింది గదా, అయితే జాగ ఇంకో సగం పెరుగుతది. ఆరు వందలు" అనేది. "దాన్ల ఏముందే... ఒత్తితే జాగ తగ్గుతది, వదిలితే పెరుగుతది. గంతే."

ప్రతి లెక్కలోనూ స్థిర ఉష్ణోగ్రత అని ఎందుకు రాస్తారని ఓసారి అడిగాను. "గీ రేకుల ఇల్లు చూసి రాసిండ్రు కావచ్చు" అని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది... అక్క అట్లా నవ్వడం మళ్లీ ఎక్కువగా చూడలేదు.

పరీక్షలో పది లెక్కలు ఇచ్చారు. ఫలితాలు చెప్పే రోజు నన్ను తోడుగా పంపింది అమ్మ. క్లాసు గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపల సారు అక్క పేపరు పైకెత్తి అందరికీ చూపించాడు. పదికి పది జవాబులు కరెక్టు. కాగితం మీద పది జవాబులు తప్ప ఇంకేమీ లేదు.

"స్టెప్పులేవి? ఎవరి పేపర్ల చూసినవ్?"

"చూడలే సార్."

"అయితే మొదటిది బోర్డు మీద చేసి చూపియ్."

అక్క చాక్‌పీసు తీసుకుంది. జవాబు వెంటనే రాసింది. అది ఎట్లా వచ్చిందో రాయమన్నాడు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. నెల రోజులూ నోటితో చేసిన లెక్క... ఏ అక్షరంతో మొదలుపెట్టి, ఎక్కడ ఈక్వల్ టూ పెట్టాలో ఆ చేతికి తెలియదు.

"నోటికి అచ్చింది సార్" అంది మెల్లగా. క్లాసంతా నవ్వింది.

అప్పుడు వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

"సార్, నేను చదువుతా, మా అక్క చెప్తది" అని నేనంటే చాలు. ఆ ఒక్క మాట. ఎన్ని లెక్కలు అడిగినా బీడీ చుట్టినంత సేపట్లో చెప్పేది. నాకు భయమేసింది... సారంటే, ఆ నవ్వులంటే, తెగిన చెప్పుతో గడప దాటడమంటే. బెల్లం కొట్టిన రాయిలా నిలబడి నేల చూశాను.

ఏడు మార్కులొచ్చిన అమ్మాయికి సీటు ఇచ్చారు.

బస్సు కోరుట్ల దగ్గర పడింది. అప్పుడు అక్క అడిగింది... "అన్నీ రైటే గదానే?"

"అన్నీ రైటే అక్కా."

ఇంటికి రాగానే అమ్మ అడిగితే "రాలే" అని మాత్రం చెప్పింది. చూసి రాసిందన్నారని చెప్పలేదు. నేను నోరు మూసుకున్నానని అసలే చెప్పలేదు. కాళ్లు చేతులు కడుక్కొని చాట ముందు కూర్చుంది. నేను నోట్సు తీస్తే, "పెట్టెయ్యే ఇగ" అంది.

నా చదువుకు మాత్రం ఏదీ అడ్డం రాలేదు. అక్క చుట్టిన బీడీల కూలి మీదే సాగింది నా చదువు. ఆ సంగతి తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొన్న మా బిడ్డను తీసుకొని కోరుట్ల పోయాను. అక్క ఇంకా చుడుతూనే ఉంది, వేళ్లు వంకర్లు పోయాయి. బిడ్డ ఎంట్రన్స్‌కు చదువుతోంది. ఇప్పుడు స్టెప్పులు ఎవరికీ అక్కర్లేదు... నాలుగు జవాబుల్లో ఒకదానికి గుర్తు పెడితే చాలు. అది ఫోన్‌లో లెక్క పైకి చదువుతోంది, స్థిర ఉష్ణోగ్రత వద్ద అంటూ... చదవడం అయిపోకముందే అక్క తల ఎత్తకుండా "పదిహేను లీటర్లు" అంది.

"కరెక్ట్ పెద్దమ్మా. ఎట్ల చేసినవ్?"

అక్క చాటలోంచి ఇంకో ఆకు అందుకుంది. నా వైపు మాత్రం చూడలేదు.

మీ ఇళ్లలో కూడా ఇట్లా నోటితోనే లెక్కలు తేల్చేసిన అక్కలుంటే రాయండి, చదువుతాను... వాళ్లు బోర్డు ముందు ఆగిపోయిన రోజు మీరు గుమ్మంలో ఉన్నారా? ఉంటే, నోరు తెరిచారా?