కాజాలక్క హెడ్‌ఫోన్లు

కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయంటే కాజాలక్కకు తలలో తేనెపట్టు కదిలినట్టుంటుంది. దవడలు బిగుస్తాయి, కుట్లు తప్పుతాయి. అందుకే చొక్కాలకు కాజాలు కుట్టే ఆ మనిషి, పనిలోకి రాగానే తమ్ముడు కొనిపెట్టిన పెద్ద నల్ల హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుంటుంది. పాటలు వింటోందని అందరి నమ్మకం. నిజానికి వాటిలో ఏ పాటా ఉండదు. అవి బయటి మోతను అణిచే రకం; మిషన్ల రొద అణిగిపోయి, పక్కవాళ్ల మాటలు ఇంకా తేటగా వినిపిస్తాయంతే. "మహారాణిగారు పాటల్లో తేలిపోతున్నారు" అని కాలర్లు కుట్టే వదిన దెప్పడమూ వినిపిస్తుంది. ఎందుకొచ్చిన గొడవలే అని తల ఎత్తదు.

ఈమధ్య ఆ వదినే స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంటోంది. "నీకెలాగూ వినపడదుగా, నీతోనే చెప్పుకుంటా. నా కూతురు నాతో మాటలు మానేసిందే. కోపంలో నేనే నోరు పారేసుకున్నా. ఈ మాట ఇంకెవరితో అనను?" కాజాలక్క సూది ఆగలేదు, కాస్త నెమ్మదించింది.

నిన్న సాయంత్రం మిషన్లు ఆగిపోయాయి, మిగతావాళ్లందరూ వెళ్లిపోయారు. రొద లేని గదిలో హెడ్‌ఫోన్లతో పనిలేదు. వాటిని తీసేయడానికి కాజాలక్క చేయి అలవాటుగా చెవి దాకా వెళ్లింది. పక్కన వదిన ఇంకా చెబుతూనే ఉంది. ఆ చేత్తో జుట్టు సవరించుకుని, కాజాలక్క మరో చొక్కా ఒళ్లోకి లాక్కుంది.