అడిగేదాకా ఆగడం

మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు మా ఇంట్లో గోడలన్నిటికీ నడుమెత్తు దాకా మెత్తటి స్పాంజి ముక్కలు అతికించాం. చూడవచ్చినవాళ్లు కొత్త రకం ఇంటీరియర్ అనుకుని ఏ షాపులో చేయించారని అడిగేవారు. పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో గోడకు ఏది అతికించినా ఇంటీరియరే. అసలు సంగతేమిటంటే పిల్లకు మాట రాలేదు. కావలసింది దొరకనప్పుడు వెళ్లి గోడకు నుదురు కొట్టుకునేది. నేనూ నా భార్యా కూడా తలలు బాదుకునేవాళ్లం, కాకపోతే మాటవరసకు. పిల్ల నిజంగానే బాదుకునేది. ఆ నుదుటి మీద పాత వాపు తగ్గేలోగా కొత్తది లేచేది. మాట రాకపోయినా ఫరవాలేదు, కావలసింది అడగడానికి నుదురు కాక ఇంకేదైనా దారి దొరికితే చాలని ఆ రోజుల్లో మా కోరిక.

డాక్టరు ఆటిజం అని చెప్పి, మాదాపూర్‌లో ఒక థెరపీ సెంటర్‌కు వెళ్లమన్నారు. కింద కర్రీ పాయింట్, మధ్యలో లేడీస్ హాస్టల్, పైన సెంటర్. సాంబారు వాసనలోంచి మెట్లెక్కితే టీచరు ఎదురొచ్చేది. కాకినాడ వైపు అమ్మాయి, పాతికేళ్లుంటాయి, మెడలో సన్నటి సిలువ. మొదటి రోజే నా చేతిలో మూడు గడుల కాగితం పెట్టింది. ముందు ఏం జరిగింది, పాప ఏం చేసింది, వెంటనే ఏం జరిగింది.

"గోడ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఇందులో రాయండి సార్. వారం చాలు."

నేను హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎప్పుడు చెడింది, ఎలా చెడింది, ఏదీ మళ్లీ చెడగొట్టి చూపించు అంటూ పన్నెండేళ్లుగా బతుకుతున్నాను. ఇదేదో నా కోసమే పుట్టిన శాస్త్రం అనుకున్నాను. కాగితాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించి, 'తీవ్రత' అని నాలుగో గడి కూడా సొంతంగా చేర్చి, రంగులు వేసి ప్రింటు తీసుకెళ్లాను. టీచరు ఎర్ర పెన్ను తీసింది.

"'ఊరికే ఏడ్చింది' అని పదకొండు చోట్ల రాశారండి."

"ఊరికేనే ఏడ్చిందండి మరి."

"'మొండికేసింది' అని ఆరు చోట్ల. మొండితనం చూడ్డానికి ఎలా ఉంటుందండీ? పొట్టిగా ఉంటుందా, పొడుగ్గా ఉంటుందా?"

నా భార్య నవ్వాపుకోవడానికి గట్టిగా దగ్గింది.

"మీకు కనిపించింది రాయండి సార్. నేల మీద కూర్చుంది, నుదురు గోడకు మూడుసార్లు తగిలింది, అలాగ. ఇంకో మనిషి పక్కన నిలబడి చూసినా అదే లెక్క రావాలి. ఊరికే అనేది ఉండదండి. మనం ముందేం జరిగిందో చూడలేదంతే."

ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్లకు నేను రోజూ చెప్పే పాఠం ఇది. 'పనిచేయట్లేదు' అని రాయకండి, ఏం కనిపించిందో రాయండి అంటూ అరుస్తాను. ఇంటికొచ్చేసరికి ఆ పాఠం బూట్లతో పాటు గుమ్మం బయటే విడిచానన్నమాట.

రెండో వారం బుద్ధిగా రాశాను. ముందు: నేను లాప్‌టాప్‌లో మీటింగ్‌లో ఉన్నాను. పాప: గోడకు నుదురు, రెండుసార్లు. వెంటనే: నా ఫోన్ ఇచ్చాను. దాని కింద ఇంకోటి, దాని కింద మరోటి. మొదటి గడిలో మీటింగ్ మారేది, వంట మారేది, స్నానం మారేది. మూడో గడి మాత్రం మారలేదు. నుదురు గోడకు తగిలిన ప్రతిసారీ ఎవరో ఒకరం పరుగెత్తి ఏదో ఒకటి ఇచ్చాం.

"ఏ పని చేసిన వెంటనే కావలసింది దొరుకుతుందో ఆ పని మళ్లీ చేస్తాం సార్, ఎవరమైనా. దాన్నే రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటాం. మీ పాపకు ఫోన్ దొరికింది. మరి మీకేం దొరికింది?"

"నాకా? నాకేం దొరికిందండీ, తలనొప్పి తప్ప."

"ఏడుపు ఆగింది కదా. మీకు ఇబ్బందిగా ఉన్నదాన్ని పాప తీసేసింది. అందుకని రేపు ఇంకొంచెం తొందరగా ఫోన్ ఇస్తారు. ఇది నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. నెగటివ్ అంటే చెడ్డదని కాదండి, తీసివేత అని."

చిన్నప్పటి నుంచీ నాకు కూడికలు వచ్చినంత బాగా తీసివేతలు రావు. కాసేపు పట్టింది.

"అంటే... పాప నాకు ట్రైనింగ్ ఇస్తోందా?"

"చాలా బాగా ఇచ్చిందండి."

మెట్లు దిగుతుంటే మా అమ్మాయి నా భుజం మీద గడ్డం ఆనించుకుని రోడ్డు మీద క్యాబులను చూస్తోంది. కంపెనీ నాకు ఏటా ఇప్పించే ట్రైనింగుల్లో ఒక్కటీ వారం నిలవలేదు. ఈ నాలుగేళ్ల మనిషి ఒక్క మాట లేకుండా, ఒక్క స్లైడ్ లేకుండా నన్ను పూర్తిగా తయారుచేసింది. ఇన్నాళ్లూ ఈమెకు ఏమీ తెలియదనుకున్నాను. ఆ మెట్ల మీద, ఎత్తుకున్నది నేనే అయినా, నేనే తలెత్తి ఆమెను చూస్తున్నట్టు అనిపించింది.

గోడను మాన్పించడం తర్వాతి సంగతి, ముందు గోడ కంటే తేలికైన దారి చూపించాలి అంది టీచరు. కావలసినప్పుడు చెయ్యి చాపడం నేర్పుదామంది. మా అమ్మ ఒప్పుకోలేదు. అమ్మది సిద్దిపేట వైపు, మాతోనే ఉంటుంది, ఆ రోజు సెంటర్‌కు వెంట వచ్చింది.

"నా మనవరాలు చెయ్యి సాపి అడుక్కునుడేంది బిడ్డా? మేమేం సచ్చినమా?"

"అయ్యో, అలా కాదు మామ్మగారూ! సరే, గుండె మీద తట్టుకుంటే? నాకు, నాకు అన్నట్టు."

"గదైతే మంచిగుంది."

అడిగే పద్ధతి తేలింది. ఏమడగాలో తేలలేదు. ఏది ఇష్టమో చూద్దామని టీచరు బొమ్మలు, లైట్లు, బుడగలు ఒక్కొక్కటే ముందు పెట్టింది. మహారాణి కంటికి ఏదీ ఆనలేదు. ఇంతలో కింద నుంచి తెప్పించిన టీని అమ్మ రెండు గ్లాసుల మధ్య చల్లారబోస్తూ కూర్చుంది. పైగ్లాసు నుంచి కిందిగ్లాసుకు మూరెడు ధార. మా అమ్మాయి లేచి వెళ్లి, దాని ముందు ఊపిరి బిగబట్టి నిలబడింది. కిటికీ ఎండలో ధార మెరుస్తోంది. అది ఆగితే పిల్ల కళ్లు ఆగేవి, మొదలైతే కళ్లు కూడా పారేవి.

"మామ్మగారూ, ఇంకోసారి పొయ్యండి," అంది టీచరు మెల్లగా, గుళ్లో మాట్లాడినట్టు.

మాల్ మాల్ తిరిగి మేం కొన్న బొమ్మలు అటకెక్కిపోయాయి. రెండు స్టీలు గ్లాసులు, కాసిన్ని మంచినీళ్లు, మా అమ్మ. పాఠం సిద్ధం. గ్లాసు ఎత్తి పట్టుకోవాలి, ఐదు లెక్కపెట్టేదాకా ఆగాలి. పాప గుండె తట్టుకుంటే వెంటనే పోయాలి. లేకపోతే వెనక కూర్చున్నవాళ్లు ఆ చెయ్యి పట్టుకుని తట్టించి, అప్పుడు పోయాలి. ఆ సాయం రోజురోజుకూ తగ్గించుకుంటూ రావాలి.

తీరా చూస్తే అన్నిటికంటే కష్టమైంది ఐదు లెక్కపెట్టడం. మా అమ్మ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న మనిషి నోరు తెరిచి ఇంకొంచెం అన్నం అడిగితే అది ఇంటికే తలవంపులు. కళ్లు కూర గిన్నె వైపు తిరిగేలోపు కూర పడాలి. మనవరాలికీ నాలుగేళ్లుగా అంతే. నా కాగితంలో అమ్మ దగ్గర ఉన్నప్పుడు గోడ గొడవ ఒక్కటీ లేదు. గర్వంగా చూపించాను కూడా.

"నిజమేనండి, గొడవ లేదు," అంది టీచరు. "అడగాల్సిన అవసరం కూడా లేదు కదా."

అమ్మ ముఖం చిన్నబోయింది. "అడిగినంక పెడితే గదేం పెట్టుడు బిడ్డా? పొల్ల మొకం జూస్కుంట ఎట్ల ఆగాలె?"

అయినా ఒప్పుకుంది. ఇంట్లో నేను పక్కన నిలబడి "ఒకటి, రెండు" అనేసరికి అమ్మ "మూడునాలుగైదు" అని ఒక్క గుక్కలో అనేసి పోసేసేది. టీచరు కోప్పడలేదు. ముందు రెండు దాకా ఆగితే చాలంది. ఆగగానే "ఎంత బాగా ఆగారో మామ్మగారూ!" అంది. తర్వాత వారం మూడంది. అమ్మ ముఖం వెలిగిపోయేది, ఇంకొంచెం ఆగేది. ఒకే గదిలో ఇద్దరికి పాఠం జరుగుతోందని, ఇద్దరికీ కొద్దికొద్దిగా మెట్టు పెంచుతున్నారని నాకు చాలా రోజులకు గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక లోలోపల ఒక దండం పెట్టుకున్నాను.

ఒక శనివారం పొద్దున మా వంటింటి నేల మీద కూర్చున్నాం. అమ్మ గ్లాసు ఎత్తింది. వెనక నా భార్య. ఆ వారం నుంచి మోచేతిని వేలితో తాకడం తప్ప ఇంకే సాయమూ చేయకూడదు. ఐదు దాటింది. తాకింది. చెయ్యి లేవలేదు. పిల్ల గొంతులో ఒక మూలుగు మొదలైంది, లేచి గోడ వైపు తిరిగింది. పాత దారి మూతపడుతున్నప్పుడు చివరిసారి గట్టిగా తోసి చూస్తుందని, దెబ్బ తగలకుండా చూసుకోండని టీచరు ముందే చెప్పింది. పిల్ల నుదుటికీ స్పాంజికీ మధ్య నా భార్య అరచెయ్యి పెట్టింది. ఒకటి. రెండు. దెబ్బలు ఆ చేతి మీదే పడ్డాయి. అమ్మ పోసెయ్యనా అని కళ్లతోనే నన్ను అడుగుతోంది. వద్దని తలూపాను. అంత కఠినమైన పని నేనెప్పుడూ చేయలేదు.

పిల్ల వెనక్కి తిరిగింది. గ్లాసును చూసింది. తర్వాత గ్లాసు పట్టుకున్న మనిషి ముఖంలోకి చూసింది. ఎవరూ తాకకుండానే చెయ్యి లేచింది. వంకరగా వెళ్లి గుండె మీద కాక, మెడ పక్కన తగిలింది.

నేను టెస్టర్‌ని కదా, రావలసింది ఇది, వచ్చింది అది, పాసా ఫెయిలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. అమ్మ ఆలోచించలేదు. చెయ్యి అందినంత ఎత్తు నుంచి ధార పోసింది. సగం గ్లాసులో, సగం తన చీర మీద. పిల్ల మళ్లీ తట్టుకుంది. మళ్లీ ధార. ఈసారి గుండెకు ఇంకాస్త దగ్గరగా. నేల తడిసింది, మేం తడిశాం. ఒక మనిషి ఇంకో మనిషిని అడగడం అనేది ఇన్ని చిన్న ముక్కలతో కట్టిన పెద్ద కట్టడమని, నోరున్న మేమంతా దాన్ని చూడకుండానే దాని మీద నడిచిపోతున్నామని ఆ తడి నేల మీద కూర్చుని తెలుసుకున్నాను.

"ఇగ నా చెయ్యి గుంజుతున్నది, జర నువ్వు నీళ్లు పొయ్యిరా," అని అమ్మ గ్లాసులు నా చేతికిచ్చింది.

ఎత్తి పట్టుకున్నాను. పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ కళ్లను చూసేసరికి మూడు లెక్కపెట్టకముందే నా చెయ్యి వంగింది.

"ఆగురా," అంది అమ్మ. "పొల్లను అడగనియ్యి."

ఆగాను. నుదుటి మీద పాత వాపు నీలంగా ఇంకా అలాగే ఉంది. దాని కింద ఆ రెండు కళ్లు గ్లాసు మీద నుంచి మెల్లగా నా ముఖం మీదికి వచ్చాయి. తర్వాత చెయ్యి లేచింది.