సమూయేలు ముందు, అయ్యగారు వెనుక

మొన్న తిరుపతి రైతుబజారులో ఎవరో అవిసాకు కట్టలు విప్పి నీళ్లు చల్లుతుంటే, ఆ పచ్చి వాసన నాకు ముక్కుతాడు వేసి పాకాల దగ్గరున్న మా ఊరి గుడి ముంగిట్లోకి లాక్కెళ్లింది. గుడి అంటే మా క్రైస్తవుల గుడి. సున్నపు గోడలు, రేకుల కప్పు, లోపల ఈతచాపలు. అక్కడ మేమందరం గొర్రెలం. బడిలో అయ్యవారు గొర్రె అంటే ఏడ్చేదాన్ని, ఆదివారం గుడిలో పాస్టరు అయ్యగారు అదే మాటంటే మురిసిపోయేదాన్ని. అయ్యవారికీ అయ్యగారికీ అదే తేడా అనుకునేదాన్ని.

ఒక ఏడు నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గితే కోత పండుగకు గుడికి పొట్టేలునిస్తానని నాయన మొక్కుకున్నాడు. నేను లేచి తిరిగేసరికి పెరట్లో నల్లటి పొట్టేలు పిల్ల గంతులేస్తోంది. బైబిల్లో హన్నా మొక్కుకుని గుడికిచ్చిన కొడుకు పేరే దానికీ పెట్టాను: సమూయేలు. అవిసాకు, చేన్లో పీకిన చెనక్కాయ చెట్టు, నా పళ్లెంలోని సంగటి పెట్టి మేపాను. గుడికివ్వడమంటే గుడిలో ఉంచడమే అనుకున్నాను. మొక్కు పొట్టేలు పండుగ మధ్యాహ్నం గుడివాళ్లందరూ కలిసి తినే ప్రేమవిందులో కూరవుతుందన్న సంగతి, ఏటా ఆ కూరను మారు అడిగి తిన్న నాకే తట్టలేదు. అయ్యవారి మాటలో కొంత నిజముందన్నమాట.

పండుగ రోజు గుడి నిండా గుమ్మడికాయలు, చెరుకు గడలు, బెల్లం దిమ్మెలు, కొత్త బియ్యం వాసన, కాళ్లు కట్టేసిన కోళ్లు. మేము డప్పు కొట్టి పాటందుకుంటే కోళ్లూ అందుకున్నాయి. ఆ ఏడే చిత్తూరు నుంచి వచ్చిన కొత్త అయ్యగారు తప్పిపోయిన గొర్రె కథ చెబుతూ, మాటలు చాలవనుకున్నారేమో, సమూయేలును భుజాలమీదికి ఎత్తుకున్నారు. కాపరి మందను మేపాలి గానీ మందను మేయకూడదని ఆయన గొంతెత్తి చెబుతుంటే అది ఆయన చెవి నాకింది. చప్పట్లతో రేకులు అదిరిపోయాయి. ఆ ఊపులోనే ఆయన దాన్ని దించకుండా బయటికొచ్చారు.

బయట అండాలో నీళ్లు మరుగుతున్నాయి. వంట చూసే రత్నమ్మ పెద్దమ్మ కత్తి పక్కన పెట్టి చేతులు చాచింది.

"ఇట్లియ్యండి అయ్యగారూ, పొద్దుపోతా ఉండాది."

అప్పుడర్థమైంది నాకు. పరిగెత్తిపోయి ఆయన చొక్కా పట్టుకున్నాను.

"ఇంతసేపూ ఎత్తుకునింది కూరకేనా అయ్యగారూ?"

అయ్యగారు నావైపు చూశారు, అండావైపు చూశారు. పొట్టేలు కాళ్లు పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు. నాయన గుంపులోంచి ముందుకొచ్చాడు.

"మొక్కు తప్పితే బిడ్డకేమన్నా అయితే?"

"యాడ తప్పినావప్పా? గుడికిచ్చేసినావు. ఇంకిది నా మందలోది. దీన్ని కోస్తే, ఇందాక నేను సెప్పిందంతా ఉత్తదే గదా."

ఆ పూట ప్రేమవిందుకు గుమ్మడికాయ సాంబారు. రత్నమ్మ పెద్దమ్మ ఆకు ఆకు దగ్గరా ఆగి, ముక్క దొరికితే అయ్యగారికి చూపించమని చెప్పి మరీ వడ్డించింది.

అసలు తమాషా ఆ తర్వాత. మందలో చేర్చుకున్నాక మేపాలి కదా. కాపరి ముందు నడవాలని బోధించిన మనిషి, సాయంత్రమైతే తాడు పట్టుకుని సమూయేలు లాగినచోటికల్లా వెనకాలే పరుగు. అది ఏ పెరట్లో పచ్చగా కనిపిస్తే ఆ పెరట్లో దూరేది. తడిక తోసుకుని, ఏమనుకోవద్దంటూ ఆయనా దూరేవారు. అలా ఏ అయ్యగారూ తొక్కని గడపలు తొక్కి, మాటపట్టింపుతో గుడి మానేసినవాళ్ల అరుగుమీదా, మంచం దిగలేని ముసలివాళ్ల పక్కనా, పొట్టేలు మేసినంతసేపూ కూర్చుని, కష్టసుఖాలు విని, ప్రార్థన చేసి వచ్చేవారు. క్రిస్మస్‌కు గుడిలో చాపలు చాలలేదు. రత్నమ్మ పెద్దమ్మే ఒప్పుకుంది.

"పొట్టేలు అయ్యగారిని బాగానే మేపతా ఉండాది."

ఇప్పుడా గుడికి టైల్స్ వేశారు, వేదిక వెనక గొర్రెపిల్లనెత్తుకున్న కాపరి ఫ్లెక్సీ కట్టారు. ఊళ్లో గొర్రెలు లేవు, ప్రార్థనలు ఫోనుకే వస్తున్నాయి. సమూయేలు ముసలిదై కన్నుమూసింది, అయ్యగారు బదిలీ అయిపోయారు. మేసేవాళ్లెవరూ లేకపోయినా అవిసాకు కట్ట కొని ఇంటికి తెచ్చాను. గేటు చప్పుడైతే నేనిప్పటికీ ముందు కిందికే చూస్తాను, మనిషి కంటే ముందు కొమ్ములు కనిపిస్తాయేమోనని.