గబ్బు ఎవరిది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంటాయన అంటుంటాడు. నిజమే. అయితే ఆ ముక్కుకే వాసన కూడా అందరికంటే ముందు తెలుస్తుంది. పాలు విరగబోతున్నాయని గిన్నె మూత తీయకుండా చెప్పగలను. అందుకే ఆ ఎండాకాలం మొదట్లో మా ఇంట్లో గబ్బు మొదలైనప్పుడు, అది ఎక్కడిదో తేల్చడం ఒక పూట పని అనుకున్నాను.

మాది జమ్మికుంట దగ్గర పల్లె. ఇంటాయన మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ, మంచం పట్టిన మా అత్తమ్మా. గోడ అవతల ఇంటాయన అన్న, అంటే మా బావ ఇల్లు. ధర పెరిగేదాకా పత్తి పోసుకుంటానని ఆయన మా ముందు హాలు అడిగాడు. పది రోజులే అన్నాడు. దీపావళి దాటాక పోసిన పత్తి శివరాత్రి దాటినా కదల్లేదు. హాలుకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. అత్తమ్మ గది ఆ హాలుకు ఆనుకునే ఉంటుంది. రెంటికీ మధ్య ఉన్న తలుపు అవతల పత్తి కిటికీ ఎత్తున పడి ఉండేది.

మొదట బాత్‌రూం మీద పడ్డాను. జాలీ ఎత్తి, వెంట్రుకల ఉండ పీకి, సలసల కాగే నీళ్లు పోశాను. ఫ్రిజ్ వెనక తట్ట కడిగాను. ఉల్లిగడ్డల బుట్ట బోర్లించాను. ఫినాయిల్ చల్లితే గబ్బు పోకపోగా, రెండు గబ్బులయ్యాయి. చివరికి ఒక్కో గదీ తలుపులు, కిటికీలు మూసి, కాసేపాగి తెరిచి, లోపలి గాలి పీల్చి చూశాను. వంటింట్లో ఏమీ లేదు. నా గదిలో కొంచెం. అత్తమ్మ గది తలుపు తీయగానే గుప్పుమని కొట్టింది. వెంటనే తలుపు మూసేశాను.

ఎందుకంటే జనం ఏమంటారో నాకు తెలుసు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. మంచంలో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో ఏ గబ్బు వచ్చినా ఆమె నెత్తినే రుద్దుతారు. ఆమెను రోజూ నేనే కడుగుతాను, పక్క మారుస్తాను, బట్టలు ఉడకబెడతాను. ఆమె ఒంటి మీద గోరంత పుండు లేదు. అయినా అనుమానం నాకూ వచ్చి, వీపు, మడమలు, చంకలు మళ్లీ వెతికాను. గబ్బు ఆమెది కాదు.

ఆ వారమే పత్తి కొనే బేరగాడు వచ్చాడు. బావ హాలు తలుపు తీశాడో లేదో, అతను ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గరి పత్తి గుప్పెడు తీసి చూసి, కింద పడేసి, బేరం ఆడకుండానే బండెక్కాడు. బావ హాలుకు తాళం వేసి నేరుగా అత్తమ్మ గదిలోకి వచ్చి, మంచం కోడును ఒక్క తన్ను తన్నాడు. అత్తమ్మ తల గోడకు కొట్టుకుంది.

"ముసల్దాని గబ్బు పత్తికి పట్టింది," అన్నాడు. "ఐతారం నాడు కొట్టంలకు మారుస్త. బర్లు లేవు, ఖాళీగనే ఉంది."

"రోజు కడుగుతున్న బావా. గబ్బు అత్తమ్మది కాదు."

"మరి నీదా?"

చేతిలో ఉన్న చెంబు విసిరాను. అది ఆయన చెవి పక్కన గోడకు తగిలి సొట్టపోయింది. బావ నా చెంప పగలగొట్టి వెళ్లిపోయాడు. అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంటాయనకు ఫోన్ చేశాను. "అన్నతోని లొల్లి ఎందుకే? జర సర్దుకో. కొట్టంల ఫ్యాన్ పెట్టిస్త అంటున్నడు గద," అన్నాడు. "నువ్వు వచ్చినంక నిన్ను గూడ ఆడనే పండుకోబెడ్త," అని ఫోన్ పెట్టేశాను. ఆ పశువుల కొట్టం నాకు తెలుసు. రేకుల కప్పు, మధ్యాహ్నం లోపల నిలబడలేం. ఆ వేడికి అత్తమ్మ ఎండాకాలం దాటదు. ఆ సంగతి బావకూ తెలుసని నా నమ్మకం.

నేను ఇంటి మీద యుద్ధం ప్రకటించాను. గడ్డపార తెచ్చి బాత్‌రూంలో బండలు పగలగొట్టాను. కింద పైపు శుభ్రంగా ఉంది. బొటనవేలు చితికింది. కట్టు కట్టుకుని ఒంటి చేత్తో బీరువా లాగాను, వెనక ఒక బల్లి గుడ్డు తప్ప ఏమీ లేదు. కసికొద్దీ గ్రైండర్‌ను తన్నాను. నొప్పి నాకే మిగిలింది.

శనివారం పొద్దున అత్తమ్మకు పక్క మారుస్తుంటే ఈగలు కనిపించాయి. ఆకుపచ్చగా మెరిసేవి, శవాల మీద వాలేవి. మంచం మీద ఒక్కటీ లేదు. అన్నీ హాలు వైపు తలుపు కింది సందులో ముసురుతున్నాయి. నేల మీద బోర్లా పడుకుని ఆ సందుకు ముక్కు ఆనించాను. అక్కడే కక్కుకున్నాను.

బావ ఇంటికి పరుగెత్తాను. "తాళంచెయ్యి ఇయ్యి బావా. పత్తిల ఏదో సచ్చింది."

"తలుపు తీస్తే తేమ తగుల్తది. నీ నాటకాలు నాకెరుకనే. రేపు పొద్దుగాల్నే ఆటో చెప్పిన."

ఆదివారం ఆటో రాకముందే హాలు తాళంలో గడ్డపార దూర్చి వేలాడాను. గొళ్లెం చెక్కతో సహా ఊడి వచ్చింది. లోపలి గబ్బు మొహం మీద కొట్టింది. కొంగు ముక్కుకు చుట్టుకుని, గంపతో పత్తి ఎత్తి వాకిట్లో పారబోయడం మొదలుపెట్టాను. తెల్లటి పత్తి మట్టిలో పడుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా ఉంది.

ఆటోతో పాటు బావ వచ్చాడు. వాకిలి చూశాడు. నా జడ పట్టుకుని తలను ద్వారబంధానికి కొట్టాడు. కనుబొమ్మ చీలి కంట్లోకి రక్తం కారింది. పక్కనున్న పార అందుకుని, దాని కర్ర కామతో ఆయన మోకాలి మీద నా బలమంతా పెట్టి కొట్టాను. ఆయన వెనక్కి తూలి పత్తిలో పడ్డాడు. లేవబోతే చెయ్యి మోచేతిదాకా కూరుకుపోయింది. దాన్ని బయటికి లాగితే వేళ్ల మధ్య చర్మం ఊడిన పందికొక్కు వచ్చింది. దాని కింద ఇంకోటి, వాటి పక్కన ఎలుకలు. పత్తంతా పురుగులు మెదులుతున్నాయి. బావ తన పత్తి మీదే కక్కుకున్నాడు.

ఆటో అతను గుమ్మం దగ్గర ముక్కు మూసుకుని, "ఎలుకల మందు గిట్ల పెట్టిన్రా ఏంది?" అన్నాడు.

"పత్తి కొరుకుతున్నయని పెట్టిన," అన్నాడు బావ నేల చూస్తూ. "తిని బయటికి పోయి సస్తయనుకున్న."

"పోయి నిన్ను కన్న అవ్వకు చెప్పు. గబ్బు నీది కాదు, నాదని చెప్పు," అన్నాను. పార ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన కుంటుకుంటూ నల్లా దగ్గరికి వెళ్లి, చెయ్యి తోముకోవడం మొదలుపెట్టాడు. తల్లి గది వైపు రాలేదు.

నుదుటికి పసుపు అద్దుకుని పని మొదలుపెట్టాను. పురుగులు పట్టిన పత్తిని చచ్చిన వాటితో సహా ఊరవతల గుంట తీసి పూడ్చాను. హాలు సున్నపు నీళ్లతో కడిగి, మధ్య తలుపు బార్లా తెరిచాను. నెలల తరువాత అత్తమ్మ మంచం మీదుగా గాలి ఆడింది.

సాయంత్రం ఆమె పక్కన కూర్చున్నాను. పెదవులు పగిలి ఉన్నాయి. పక్కబట్ట పొద్దున వేసింది వేసినట్టే పొడిగా ఉంది.

"గబ్బు పోయిందా బిడ్డా?" అంది.

"పోయింది అత్తమ్మా. అవి పందికొక్కులు. నీది కాదు."

మూలనున్న బిందె వైపు చూసింది. "అయితే ఇగ నీళ్లు తాగచ్చునా?"

"ఎందుకు తాగొద్దు అత్తమ్మా?" అన్నాను.

"తాగితే పక్కల ఉచ్చ పోసుకుంట గద బిడ్డా. నేను పోసుకోకుంటె గబ్బు రాదనుకున్న. గొంతు తడుపుకొని ఊకుంటున్న. నేను గా కొట్టంల ఉండలేను."

నా ఒళ్లు మండిపోయింది. బావ రెండో మోకాలు కూడా విరగ్గొట్టి ఉండాల్సింది. లేచి గ్లాసు తెచ్చి, ఆమె తల నా భుజానికి ఆనించుకుని, బిందెలోంచి నీళ్లు వంచాను.

"జరంతే పొయ్యి బిడ్డా," అంది అత్తమ్మ.

నిండా పోశాను.